గడ్డం మొలవని చోటు

ఆస్తులు పంచుకునే ఇళ్ళలో కూడా మా తమ్ముడి గడ్డం మీద మా ఇంట్లో జరిగినన్ని గొడవలు జరిగి ఉండవు. మాది సెలూన్. కింద షాపు, పైన ఇల్లు. షాపులో రెండు కుర్చీలు. ఒకదాని వెనక మా ఆయన, రెండోదాని వెనక మా తమ్ముడు. వచ్చినవాళ్ళందరి గడ్డాలూ నున్నగా గీసి పంపే మా తమ్ముడు ఏడాదిగా తన గడ్డం జోలికి మాత్రం పోలేదు.

"వంటవాడే పస్తు కూర్చుంటే ఆ హోటల్లో ఎవడు తింటాడ్రా?" అని మా ఆయన రోజూ సాధించేవాడు.

"నా చేతిని చూసి వస్తారు బావా, ముఖాన్ని చూసి కాదు," అనేవాడు వాడు, కత్తెర ఆపకుండా.

కత్తెర ఆపకపోయినా వాడి పని మహా నిదానం. మా ఆయన ముగ్గురికి కటింగ్ చేసేలోగా వీడు ఒకరికి చేస్తాడు. అందుకే అందరూ వాడికి ‘నిదానం’ అని పేరు పెట్టేశారు. ఒక కునుకు తీద్దామనుకునే పెద్దవాళ్ళు ఏరికోరి నిదానం కుర్చీలో కూర్చునేవాళ్ళు. వాడికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. మా ఇద్దరికీ కలిపి రావాల్సిన కోపమంతా నాకొక్కదానికే వచ్చిందని మా ఆయన అంటుంటాడు.

ఒకరోజు స్టేషన్ దగ్గరి కూడలిలో ఎవడో బైకు మీద వచ్చి, స్కూటర్ మీద వెళ్తున్న ఒకావిడ భుజానికున్న బ్యాగు లాక్కుపోయాడు. ఆవిడ పడిపోయింది. తల రోడ్డుకు కొట్టుకుంది. ఆస్పత్రిలో చేర్చారు, కళ్ళు తెరవలేదు. కూడలిలో స్తంభానికున్న కెమెరాకి ఆ బైకు మనిషి ముఖం దొరికింది. గడ్డం, మీసం ఏవీ లేని ముఖం. పోలీసులు దాన్ని తమ మెషీన్‌కి ఇచ్చారు. జనం లైసెన్సుల కోసం దిగిన ఫోటోలన్నీ మెషీన్ తిరగేసి, పోలికలున్నవాళ్ళ పేర్లు బయటపెట్టింది. మా తమ్ముడి లైసెన్సు ఫోటో గడ్డానికి ముందుది. వాడి పేరు కూడా వచ్చింది.

ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి. ఆ వారం మాకు వచ్చింది ఇన్‌స్పెక్టర్ ఫోను ఒక్కటే. "రేపు పొద్దున్న మీ తమ్ముణ్ణి ఒకసారి పంపించమ్మా. ఒక్క ఫోటో తీసుకుని పంపించేస్తాం. భయపడే పనేం లేదు."

భయపడే పనేం లేదని పోలీసు చెబితే భయపడని ఇల్లు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

మర్నాడు పొద్దున్నే మా ఆయన షాపు షట్టర్ సగం ఎత్తి, వాణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "గడ్డం చూడగానే పోలీసులు సగం కేసు రాసేస్తార్రా. పద్ధతిగా వెళ్దాం," అన్నాడు. ఎప్పుడూ మాటకు మాట చెప్పే మా తమ్ముడు ఆ రోజు నోరెత్తలేదు. భయపడ్డాడు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

మా ఆయన ముందు కత్తెరతో పొడుగంతా తీసేశాడు. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, ముఖానికి చుట్టాడు. బ్రష్‌తో నురగ పట్టించి, కొత్త బ్లేడు వేసి, పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి గీశాడు. పటిక రుద్దాడు. పౌడరు అద్దాడు. అంత శ్రద్ధగా ఆయన ఎవరికీ గీయడం నేను చూడలేదు. వాణ్ణి అద్దంలో చూసి, "పెళ్ళికొడుకులా ఉన్నావురా," అన్నాను నేను. ముగ్గురం నవ్వుకున్నాం. కింద పడ్డ వెంట్రుకలు చీపురుతో ఊడ్చి చెత్తడబ్బాలో పోశాను. రోజూ చేసే పనే.

స్టేషన్‌లో బల్ల మీద మాకన్నా ముందే కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఇద్దరికి గుబురు గడ్డాలున్నాయి. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే వాళ్ళను చూసి, "మీరు వెళ్ళండి," అని చేత్తో సైగ చేశాడు. అప్పుడు నాకు ఎందుకో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వారం కిందట నున్నగా ఉన్న మనిషికి ఇంతలోనే అంత గడ్డం రాదు. అదీ సంగతి. వాళ్ళకు ఫోటో కూడా తీయలేదు.

మా తమ్ముడికి తీశారు. కంప్యూటర్ ముందున్న ఆవిడ తెర మీద రెండు ముఖాలు పక్కపక్కన పెట్టింది. కింద ఒక గీత మెల్లగా పచ్చగా నిండుతూ పోయింది. నూటికి తొంభై దాటాక ఆగింది. ఆవిడ కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని ఇన్‌స్పెక్టర్‌కి దారి ఇచ్చింది.

"గడ్డం ఎప్పుడు గీసుకున్నావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు మారిపోయింది.

"ఇవాళ పొద్దున్నేనండి."

"అంతకుముందు?"

"గడ్డం ఉండేదండి. పెద్దదే."

"ఉండేదా? మరి ఇవాళే ఎందుకు తీశావు?"

"స్టేషన్‌కి వస్తున్నాం కదాని మా బావ..."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పోలీసుల నుంచి పిలుపు వచ్చాక గుర్తుపట్టకుండా ఉండటానికి ఆకారం మార్చుకున్నాడు అని రాయించాడు. మారిన ఆకారంతోనే దొరికాడని కూడా రాయించాడు. రెండు మాటలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఒకటి సిగ్గుపడలేదు.

వాణ్ణి అరెస్టు చేశాక కోర్టువాళ్ళు మాకొక లాయరమ్మను ఇచ్చారు. మాట్లాడేటప్పుడల్లా కళ్ళజోడు తీయడం, తుడవడం, పెట్టుకోవడం ఆవిడ అలవాటు. మంచి మనిషే, కాకపోతే పది ఇళ్ళ కష్టాలు నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి. విషయం అంతా విని, "బ్యాగు లాక్కున్న రోజుకి మీ తమ్ముడికి గడ్డం ఉందని చూపించగలిగితే చాలమ్మా, కేసు అక్కడే పోతుంది. ఇంట్లోవాళ్ళ మాట నమ్మరు, బయటివాళ్ళు చెప్పాలి," అంది.

అదెంత పని అనుకున్నాను. ఏడాదిగా వాడి గడ్డం కింద తల పెట్టినవాళ్ళు ఎంతమంది! వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. ఒకాయన, "ఉన్నట్టే గుర్తు," అన్నాడు. ఇంకొకాయన, "మీసం కదూ ఉండేది?" అన్నాడు. మూడో ఆయన, "గడ్డమా? మన నిదానానికా?" అని ఆశ్చర్యపోయాడు. సెలూన్‌కి వచ్చిన మనిషి అద్దంలో తన ముఖం తప్ప వేరే ముఖం చూడడని నాకు అప్పుడు తెలిసింది. బ్యాగు పోయిన వేళకి వాడి కుర్చీలో ఉన్న పెద్దాయన మొదటి నుంచి చివరి దాకా నిద్రపోయాడట. వాడి ఫోను ఆ పూటంతా షాపులోనే ఉందని ఫోను కంపెనీ చెప్పింది. "ఫోను ఒకచోట, మనిషి ఒకచోట ఉండొచ్చు," అన్నాడు ప్రభుత్వ లాయరు.

చివరికి నా ఫోనులో ఒక ఫోటో దొరికింది. షాపులోకి కొత్త కుర్చీ వచ్చిన రోజు నేనే తీశాను. అందులో మా తమ్ముడు కాలు మీద కాలేసుకుని మహారాజులా కూర్చున్నాడు. గడ్డం నిండుగా ఉంది. బ్యాగు పోయిన మర్నాడు తీసిన ఫోటో. లాయరమ్మ దాన్ని కోర్టులో ఇచ్చిన రోజు నాకు ఊపిరి తిరిగింది.

"ఈ రోజుల్లో ఫోటోకి గడ్డం తగిలించడం ఎంతసేపండీ?" అన్నాడు ప్రభుత్వ లాయరు. "తేదీ మార్చడం అంతకన్నా తేలిక."

జడ్జిగారు తల ఊపారు. ఆయన తప్పేం లేదు, అలాంటివి ఎన్ని చూశారో. ఫోటో అసలుదో కాదో తేల్చమని ల్యాబ్‌కి పంపారు. ల్యాబ్‌లో వరస పెద్దది, మా వంతు రావడానికి నెలలు పడుతుందట. మెషీన్ చూపించిన ముఖాన్ని మాత్రం ఏ ల్యాబ్‌కీ పంపలేదు. వాణ్ణి జైల్లో ఉంచారు.

అప్పటి నుంచి నాకు ఏదీ సరిగ్గా తగలడం మానేసింది. పొయ్యి మీద గిన్నె వట్టి చేత్తో దించితే కాలిన సంగతి కాసేపటికి తెలిసేది. మా ఆయనను తిట్టాలని కూడా అనిపించలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. ఆయన ఎదురుచూశాడు, నేను తిట్టలేదు. షాపులో గడ్డం తీయమని ఎవరైనా కూర్చుంటే, "నిజంగా తీసేయమంటారా?" అని రెండుసార్లు అడుగుతున్నాడు. అడిగితే చిరాకుపడి కొందరు పక్క వీధి సెలూన్‌కి పోతున్నారు. రెండో కుర్చీ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచాడు.

ఒకరోజు లాయరమ్మ షాపుకే వచ్చింది. ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తూ, "ఇక్కడ ఏంటి ఈ ఖాళీ?" అంది. ఎడమ దవడ కింద, చెవికి కొంచెం ఇవతల, బొటనవేలి గోరంత చోట వెంట్రుకలు లేవు.

"అక్కడ వాడికి మొలవదమ్మా. మొదటి నుంచీ అంతే," అన్నాడు మా ఆయన.

లాయరమ్మ కళ్ళజోడు తీసింది, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుంది. "అయితే పెంచమనండి. హియరింగ్ నాటికి గడ్డం పెరిగి, ఫోటోలో ఖాళీ ఉన్నచోటే మనిషికీ ఖాళీ ఉంటే, ఇక ల్యాబ్ ఎందుకు? జడ్జిగారు కళ్ళతో చూస్తారు. దొంగ గడ్డం తగిలించేవాడికి అక్కడ మొలవదని ఎలా తెలుస్తుంది?"

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆ రోజు నుంచి ఆయనకు అదే లోకం. నిద్ర లేవగానే, "ఈపాటికి ఎంత పెరిగుంటుంది?" అని నన్ను అడిగేవాడు. తను గీసేసింది తిరిగి మొలుస్తోందని ఆయన ఆశ.

అయితే జైల్లో ఇంకొక మెషీన్ ఉంది. అక్కడ ప్రతి తలుపు దగ్గరా ఒకటి ఉంటుంది. భోజనాల గదికైనా, స్నానాలకైనా, ములాఖత్ గదికైనా ముందు దాని ఎదుట నిలబడాలి. అరెస్టు రోజు తీసిన ఫోటోతో ముఖం సరిపోతే పచ్చ లైటు వెలిగి తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు. మా తమ్ముడి గడ్డం కొంచెం పెరిగేసరికి ఎర్ర లైటు మొదలైంది. నేను సంచి పట్టుకుని వెళ్ళిన రోజు గార్డు బయటికి వచ్చి, "మీవాణ్ణి మెషీన్ ఒప్పుకోవట్లేదమ్మా. గడ్డం తీయిస్తే వచ్చేవారం చూడొచ్చు," అన్నాడు.

"వాడు వాడేనని మీకు తెలుసు కదా?"

"నాకెందుకు తెలీదమ్మా, రోజూ చూస్తున్నాను. తలుపు నా చేతిలో లేదు."

కొత్తగా గడ్డంతో ఫోటో తీసి పెట్టుకోమంటే, కేసు తేలేదాకా అరెస్టు నాటి ఫోటో మార్చకూడదన్నారు. లాయరమ్మకు మాత్రం కోర్టు కాగితం ఉంది కాబట్టి లోపలికి రానిచ్చేవాళ్ళు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "గడ్డం ఉంటే మీరు చూడలేరు. చూడాలంటే గడ్డం ఉండదు. ఏది కావాలో చెప్పండి."

"గడ్డం," అన్నాను. ఆలోచించలేదు. ఆలోచిస్తే నోరు పెగిలేది కాదు.

వాడు కూడా ఒప్పుకున్నాడట. అక్క ఎలా చెబితే అలా అన్నాడట. ఆ తర్వాత నేను వెళ్ళలేదు. ములాఖత్ రోజున కూడా ఇంట్లోనే కూర్చుని కూరగాయలు తరిగాను. నెల గడిచింది, ఇంకో నెల మొదలైంది. లాయరమ్మ చూసి వచ్చినప్పుడల్లా, "బాగా వస్తోంది," అని చెప్పేది. గడ్డం గురించి చెప్పినంత వాడి గురించి చెప్పేది కాదు. నేను కూడా అంతకుమించి అడగలేదు.

గురువారం హియరింగ్ అనగా సోమవారం నా ఫోనుకి జైలు నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ ఖైదీ ములాఖత్ కోరుతున్నారు. ముఖ నిర్ధారణ పూర్తయింది.’

వంటింట్లో నిలబడి రెండో ముక్క మళ్ళీ చదివాను. ముఖ నిర్ధారణ పూర్తయింది. దానికి వేరే అర్థం ఏదైనా ఉంటుందేమోనని కాసేపు వెతికాను. లేదు. పొయ్యి ఆపేసి, చెప్పులు వేసుకుని కిందికి దిగాను. షాపులో మా ఆయన ఎవరికో కటింగ్ చేస్తున్నాడు.

"ఎక్కడికి?"

"జైలుకి. అక్కడి ఆఫీసరు దయతలచి వేలిముద్రతో చూడనిస్తానన్నాడట."

"నిజంగానా?" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "సరిగ్గా చూసిరా. ఎడమ వైపు చూడు, ఎడమ వైపు."

ములాఖత్ గదిలో గాజు పలక అటువైపు వాడు వచ్చి కూర్చున్నాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు. ముఖం నున్నగా ఉంది. అరెస్టు రోజున ఉన్నట్టే ఉన్నాడు, కాకపోతే బుగ్గలు లోపలికి పోయాయి. దవడ మీద రెండు గాట్లు కూడా ఉన్నాయి. పేపరు చించి అతికించుకున్నాడు. వేలమందికి గీసినవాడు తనకు గీసుకుంటూ కోసుకున్నాడు. ఆ ఖాళీ చోటు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి చూశాను. ముఖమంతా ఒకేలా ఉంది.

"గీసేశావా?" అన్నాను.

"గీసేశానక్కా."

"ఎవరైనా గీసుకోమన్నారా?"

"ఎవరూ అనలేదు." దవడ మీది పేపరు ముక్కను వేలితో నొక్కుకున్నాడు. వాడి నిదానం నాకు తెలుసు కాబట్టి తొందరపెట్టలేదు.

"భోజనాల లైన్లో నా వంతు రాగానే ఎర్ర లైటు వెలుగుతుందక్కా. పక్కన నిలబెడతారు. అందరూ వెళ్ళిపోయాక వేలిముద్ర తీసుకుని, నువ్వెవరు, నాన్న పేరేంటి, ఏం కేసు అని అడిగి అప్పుడు పంపిస్తారు. స్నానానికీ అంతే. ములాఖత్‌కి మాత్రం అదీ లేదు. ఇక్కడ నన్ను ‘ఎవరో’ అని పిలుస్తున్నారు. ‘ఎవరో వచ్చాడ్రా, జరగండి’ అంటారు. సరదాకేలే. మంచివాళ్ళే అందరూ."

"ఊఁ."

"నిన్న పొద్దున్న లైన్లోకి వెళ్ళాను. ఇంకా నా వంతు రాలేదు. మెషీన్ నన్ను చూడనేలేదు. నా అంతట నేనే పక్కకెళ్ళి నిలబడ్డాను. ఎవరూ చెప్పలేదక్కా. గార్డు నవ్వాడు. అప్పుడు భయమేసింది. నిజంగానే నేను కాదేమో అనిపించింది. రేజర్ అడిగి తెచ్చుకున్నాను. గీసుకుని వెళ్ళి నిలబడ్డాను. పచ్చ లైటు వెలిగింది." వాడి గొంతు ఏమీ మారలేదు. "ఏడుపొచ్చింది. తర్వాత నిన్ను చూడాలని రాయించాను."

"గురువారం హియరింగ్‌రా."

"తెలుసు."

"గుర్తుండే గీశావా?"

"గుర్తుంది."

వాడి మీద అరవడానికి వచ్చాననే అనుకున్నాను. దారి పొడవునా మాటలు కూడా పేర్చుకున్నాను. అక్కడ కూర్చున్నాక ఒక్కటీ దొరకలేదు. కోపం లేదు, ఏడుపూ లేదు. సినిమాల్లోలా గాజు మీద చేతులు ఆనించుకోవడం లాంటివేవీ చేయలేదు మేము. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. అందుకోసమే పిలిచాడు కాబట్టి చూడనిచ్చాను.

"బావ ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"బాగానే ఉన్నాడు. గాట్లకి పటిక పెట్టుకున్నావా?"

"ఇక్కడ దొరకదు."

టైం అయిపోయిందని బెల్లు మోగింది. వాడు లేచి, తలుపు దగ్గర మెషీన్ ముందు నిలబడ్డాడు. పచ్చ లైటు వెలిగింది. వెనక్కి తిరిగి అది నాకు వేలితో చూపించాడు, చిన్నప్పుడు బడిలో మంచి మార్కులు వచ్చినప్పుడు పలక చూపించినట్టు. తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి షాపులో ఎవరూ లేరు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను మెట్ల దాకా కూడా రాకముందే, "చూశావా? ఎంత పెరిగింది?" అన్నాడు.

"బాగా పెరిగింది."

"ఆ ఖాళీ?"

"కనిపిస్తోంది."

"ఎడమ వైపేనా? సరిగ్గా అక్కడేనా?"

"అక్కడే. ఫోటోలో ఉన్నట్టే ఉంది."

ఆయన ఒక్కసారిగా కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను, భుజం మీద చెయ్యి వేయాలని తోచలేదు. కాసేపటికి లేచి, ముఖం కడుక్కుని, రెండో కుర్చీ మీద కప్పిన గుడ్డ తీసేసి దులిపాడు. వాడి దువ్వెనలూ కత్తెరలూ బయటికి తీసి, నూనె వేసి, ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. ఈల కూడా వేస్తున్నాడు.

ఈ కేసు మొదలైనప్పటి నుంచి ఏ ముఖం పెట్టుకుని వస్తానని ఆయన ఒక్కసారి కూడా కోర్టు గడప తొక్కలేదు.

"గురువారం నేనూ వస్తాను," అన్నాడు.

"రా," అన్నాను.